గడ్డిలో చేరింది, గుర్దాలో దాగింది
మాంసంలో విష లోహాల చరిత్ర

ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని మాంసం కొట్టుకు వెళ్తారు మీరు. ముక్క ఎర్రగా, తాజాగా ఉందా, ఈగలు వాలుతున్నాయా, వాసన వస్తోందా అని చూస్తారు. అన్నీ బాగుంటే తూకం వేయించుకుంటారు. మన ముక్కు, కన్ను ఇంతవరకే పని చేస్తాయి. కిలో మాంసంలో ఒక మిల్లీగ్రాము సీసమో, కాడ్మియమో ఉంటే దానికి రంగుండదు, రుచుండదు, వాసనుండదు. ఎంత ఉడికించినా అది పోదు. క్రిములు వేడికి చస్తాయి గాని లోహం మూలకం. దానికి చావు లేదు.

కనబడని ఆ లోహం మన పళ్లెం దాకా ఎలా వస్తుంది? దాన్ని మనిషి ఎప్పుడు, ఎలా పట్టుకోగలిగాడు? ఈ కథ సూరత్‌లో మొదలై జపాన్ సముద్రతీరం దాకా వెళ్లి, మళ్లీ మన హైదరాబాద్ పొలిమేరలకు వస్తుంది. కాస్త ఓపికగా వెంట రండి.

చీపురుకు దొరికేది, దొరకనిది

గుజరాత్‌లోని సూరత్ నగరానికి దక్షిణం వైపున డిండోలి, నవాగామ్, లింబాయత్, ఉధ్నా అనే ప్రాంతాలు ఉన్నాయి. మరమగ్గాల చప్పుడు ఆగని పేటలివి. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం వలస వెళ్లిన ఎన్నో కుటుంబాలు తరాలుగా ఈ నగరంలోనే బతుకుతున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోందంటే మనవాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

1994 సెప్టెంబరులో ఈ నగరం పేరు ప్రపంచమంతా మారుమోగింది. ప్లేగు వచ్చింది. యాభై మందికి పైగా మరణించారు. లక్షలాది మంది రైళ్లెక్కి సొంత ఊళ్లకు పరుగు తీశారు. మరుసటి సంవత్సరం మే నెలలో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త తొలగింపు, వీధులు ఊడ్చే పని, తినుబండారాల దుకాణాల తనిఖీ కట్టుదిట్టం చేశారు. రెండేళ్లు తిరక్కుండానే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల సరసన నిలిచింది.

ఇది మనందరికీ గర్వకారణమైన చరిత్రే. అయితే ఒక్కటి గమనించండి. ఆ పోరాటం కంటికి కనిపించే మురికితో జరిగింది. చీపురుకు దొరికే శత్రువు అది. అదే నగరం నేలలో చీపురుకు దొరకనిది మరొకటి ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు సూరత్ పారిశ్రామిక ప్రాంతపు మట్టి నమూనాలను ఎక్స్-కిరణ ప్రతిదీప్తి పద్ధతిలో పరీక్షించారు. మట్టి మీద ఎక్స్-కిరణాలు పడినప్పుడు అందులోని ఒక్కో మూలకం తనకు మాత్రమే చెందిన కిరణాన్ని తిరిగి విడుదల చేస్తుంది. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్టే ఆ కిరణాన్ని బట్టి మూలకాన్ని గుర్తిస్తారు. 2007లో వెలువడిన ఆ పరిశోధన రాగి, క్రోమియం, కోబాల్టు, జింకు వంటి లోహాలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. బట్టల అద్దకం, ముద్రణ, జరీకి పూత పూయడం, రసాయనాల తయారీ ఉన్న నగరంలో ఇది ఆశ్చర్యం కలిగించే సంగతి కాదు.

మట్టిలో లోహం ఉంటే మాంసంలోనూ ఉన్నట్టేనా? కాదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. మట్టిలోని లోహం నీటిలో కరగాలి. మొక్క వేరు దాన్ని పీల్చాలి. ఆ మొక్కను పశువు మేయాలి. పశువు పేగులోంచి అది రక్తంలోకి చేరాలి. రక్తం దాన్ని ఏదో ఒక అవయవంలో దింపాలి. ఈ మెట్లను శాస్త్రం ఒక్కొక్కటిగా ఎలా కనుగొందో ఇప్పుడు చూద్దాం.

విషాన్ని పట్టే వల

పూర్వం విషప్రయోగం చేసేవాళ్లకు ఆర్సెనిక్ అంటే ఎంతో ఇష్టం. తెల్లటి పొడి, రుచి లేదు, శవంలో దాన్ని కనిపెట్టే ఉపాయమూ సరిగా లేదు. 1836లో జేమ్స్ మార్ష్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త ఒక పరీక్ష ప్రకటించాడు. అనుమానం ఉన్న పదార్థానికి జింకు, ఆమ్లం కలిపితే వాయువు వెలువడుతుంది. ఆ వాయువును వెలిగించి, మంట మీద చల్లటి గాజు పట్టుకుంటే, ఆర్సెనిక్ ఉన్నప్పుడు గాజు మీద నల్లగా మెరిసే పూత ఏర్పడుతుంది. ఆహారంలో, శరీరంలో దాగిన విష మూలకాన్ని నమ్మకంగా చూపించిన తొలి పరీక్షల్లో ఇదొకటి.

కాని మార్ష్ పరీక్ష అన్ని లోహాలకూ పనికిరాదు. సీసం సంగతే తీసుకోండి. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో రెండు ఓడలు ఉత్తర ధ్రువ ప్రాంతానికి బయలుదేరాయి. వాటిలో మాంసం, కూరలు నింపి సీలు చేసిన డబ్బాలు వేలకొద్దీ ఉన్నాయి. ఆ డబ్బాల అతుకులకు వాడింది సీసం కలిసిన టంకం. వెళ్లినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1980వ దశకంలో మంచులో చెడిపోకుండా ఉన్న నావికుల దేహాలను కెనడా శాస్త్రవేత్తలు పరీక్షించగా సీసం చాలా ఎక్కువగా కనిపించింది. వాళ్ల చావుకు సీసమే కారణమా, ఆకలి, చలి, జబ్బులు కారణమా అన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. కాని డబ్బా అతుకులోని సీసం లోపలి మాంసంలోకి దిగగలదన్న పాఠం మాత్రం మిగిలింది.

లోహాలను కొలవడంలో పెద్ద మలుపు 1955లో వచ్చింది. ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న అలన్ వాల్ష్ పరమాణు శోషణ పద్ధతిని ప్రతిపాదించాడు. నమూనాను మంటలో పరమాణువులుగా విడగొట్టి, దానిగుండా ఒక నిర్దిష్టమైన కాంతిని పంపుతారు. సీసం పరమాణువులు సీసపు కాంతిని మాత్రమే మింగుతాయి, కాడ్మియం పరమాణువులు కాడ్మియం కాంతిని. ఎంత కాంతి మాయమైందో చూస్తే ఎంత లోహం ఉందో తెలుస్తుంది. పది లక్షల భాగాల్లో ఒక భాగాన్ని, అంతకంటే తక్కువను కూడా ప్రయోగశాలలు సులువుగా కొలవడం దీనితో సాధ్యమైంది. విషలోహం అంతకుముందూ ఉంది, దాన్ని పట్టే వల ఇప్పుడు దొరికింది.

గుర్రపు మూత్రపిండం చెప్పిన రహస్యం

మాంసం కొట్టులో కండ వేరు, కార్జం వేరు, గుర్దాలు వేరు. అన్నింటిలోనూ లోహాలు ఒకేలా ఉంటాయా?

1957లో అమెరికాలోని హార్వర్డులో మార్గోషెస్, వాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్రపు మూత్రపిండం నుంచి ఒక వింత ప్రొటీనును వేరు చేశారు. దానికి కాడ్మియం అంటిపెట్టుకుని ఉంది. 1960లో దానికి మెటలోథయోనిన్ అని పేరు పెట్టారు. ఈ ప్రొటీనులో గంధకం ఉన్న భాగాలు చాలా ఎక్కువ. లోహాలంటే గంధకానికి గట్టి ఆకర్షణ. అందుకే కాడ్మియం దొరకగానే ఈ ప్రొటీను దాన్ని పట్టి బంధిస్తుంది. ఒక విధంగా ఇది శరీరం చేసుకున్న రక్షణ ఏర్పాటే. రక్తంలో తిరిగే విషాన్ని పట్టి కొట్టులో వేసి తాళం పెట్టినట్టు. ఆ కొట్లు కాలేయం, మూత్రపిండాలు.

ఇబ్బంది ఏమిటంటే తాళం తీసే వీలు దాదాపు లేదు. మనిషి మూత్రపిండంలో చేరిన కాడ్మియంలో సగం బయటికి పోవడానికి పది నుంచి ముప్ఫై ఏళ్లు పడుతుంది. పశువుల్లోనూ ఇది పేరుకుంటూనే పోతుంది. అందుకే లేత పశువులో తక్కువ, ముసలి పశువులో ఎక్కువ. కండలో తక్కువ, కాలేయంలో అంతకంటే ఎక్కువ, మూత్రపిండంలో అన్నిటికంటే ఎక్కువ. సీసం దారి కొంచెం వేరు. దానిలో ఎక్కువ భాగం కాల్షియం స్థానంలో ఎముకల్లోకి చేరుతుంది. పాదరసం, ముఖ్యంగా మిథైల్ పాదరసం, చేపల కండలోనే నిల్వ ఉంటుంది.

పిల్లులు చెప్పినా వినలేదు

మిథైల్ పాదరసం గురించి ప్రపంచానికి నేర్పింది జపాన్‌లోని మినమాట అనే చిన్న తీరపట్టణం. అక్కడ చిస్సో అనే కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారు చేస్తూ పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రపు పాయలోకి వదిలింది. 1950వ దశకంలో ఆ ఊరి పిల్లులు వింతగా గంతులేస్తూ, గిరగిరా తిరుగుతూ చచ్చిపోసాగాయి. ఆ పిల్లులు తిన్నవీ, జాలరుల కుటుంబాలు తిన్నవీ ఒకే చేపలు. 1956 మే 1న కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హోసోకావా నలుగురు రోగుల గురించి ఆరోగ్య శాఖకు తెలియజేశాడు. కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, నడక తడబడటం, చూపు, మాట పోవడం ఆ జబ్బు లక్షణాలు.

1959లో కుమమోటో విశ్వవిద్యాలయ బృందం సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించింది. అదే సంవత్సరం హోసోకావా ఫ్యాక్టరీ వ్యర్థ జలాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. ప్రయోగశాల పుస్తకంలో దాని సంఖ్య 400. అక్టోబరులో ఆ పిల్లికి అవే లక్షణాలు వచ్చాయి. కంపెనీ ఆ ఫలితాన్ని బయట పెట్టలేదు. వ్యర్థాల విడుదల 1968 దాకా సాగింది. ప్రభుత్వం అధికారికంగా కారణాన్ని ఒప్పుకున్నదీ ఆ ఏడాదే. నిజం తెలిసిన నాటికీ ఒప్పుకున్న నాటికీ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తొమ్మిదేళ్లూ జనం చేపలు తింటూనే ఉన్నారు. తల్లి గర్భంలోనే విషం సోకి పుట్టిన బిడ్డలున్నారు.

అదే 1968లో జపాన్ ప్రభుత్వం జింజు నదీ ప్రాంతంలోని 'ఇతాయ్-ఇతాయ్' జబ్బుకు గని నుంచి వచ్చిన కాడ్మియం కారణమని ప్రకటించింది. ఆ మాటకు 'నొప్పి, నొప్పి' అని అర్థం. నది నీటితో పండిన వరి ద్వారా కాడ్మియం చేరి, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీల ఎముకలు గుల్లబారి విరిగిపోయేవి.

ఇక పశువుల మేతకు వద్దాం. 1989లో ఇంగ్లండు, నెదర్లాండ్సు దేశాల పాడి పశువులు జబ్బుపడటం మొదలైంది. వెతగ్గా వెతగ్గా కారణం దాణాలో దొరికింది. బర్మా నుంచి వచ్చిన బియ్యపు తవుడులో సీసం కలిసింది. వందలాది పశుశాలల నుంచి పాలు, మాంసం బయటికి వెళ్లకుండా ఆపేశారు. మన ఇళ్లలో గేదెకు కుడితిలో కలిపే తవుడు లాంటిదే అదీ. ఎక్కడో ఒక దేశంలో దాణా కలుషితమైతే మరో ఖండంలో భోజనపు బల్ల దాకా దాని నీడ పడుతుందని అప్పుడు తెలిసింది.

మన ఇంటి ముంగిట

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌కు వాయవ్యంగా పటాన్‌చెరు ఉంది. 1970వ దశకం నుంచి అక్కడ మందుల, రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు గట్టున పంటలు పాడయ్యాయి, పశువులు తాగే చెరువులు చెడ్డాయి. 1990లో ఈ సమస్య సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2001లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్, రాగి, జింకు వంటివి ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. ఆరేళ్ల తర్వాత సూరత్ మట్టి గురించి చెప్పిందీ అదే సంస్థ. రెండు ఊర్ల మధ్య వందల మైళ్ల దూరం ఉన్నా మట్టి చెప్పిన మాట ఒకటే.

హైదరాబాద్‌కు దిగువన మూసీ ఒడ్డుకు ఎప్పుడైనా వెళ్లారా? నగరపు మురుగునీటితో అక్కడ పచ్చటి పారాగడ్డి పెరుగుతుంది. రైతులు కోసి మోపులు కట్టి అమ్ముతారు. నగరంలోని గేదెలకు అదే మేత. మట్టి నుంచి మనిషి దాకా ఉన్న మెట్లన్నిటినీ ఒకేసారి చూడాలని హైదరాబాద్ పరిశోధకులు కొందరు అనుకున్నారు. 2008లో వెలువడిన వారి అధ్యయనం మురుగునీరు పారే పొలాల మట్టి, గడ్డి, పశువుల పాలు, ఆకుకూరలు, ఇతర కూరగాయలు అన్నింటిలోనూ లోహాలను కొలిచింది. అక్కడితో ఆగకుండా, వాటిని తినేవారి రక్తాన్ని, మూత్రాన్ని కూడా పరీక్షించింది. సీసం, జింకు, క్రోమియం, నికెల్ పరిమితికి మించి కనిపించాయి. ఆకుకూరల్లో, ముఖ్యంగా పాలకూర, తోటకూరల్లో ప్రమాదం ఎక్కువని తేలింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. మాంసం తినేవాళ్లకే ఈ ముప్పు అనుకుని శాకాహారులు నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. మనిషికి చేరే కాడ్మియంలో ఎక్కువ భాగం ధాన్యం, కూరగాయల నుంచే వస్తుంది. మేకకు గడ్డి ఎలాగో మనకు పాలకూర అలాగే.

ఒక చిన్న లెక్క

కాగితం, పెన్సిలు తీసుకోండి. మనిషి బరువులో ప్రతి కిలోకు వారానికి 2.5 మైక్రోగ్రాములకు మించి కాడ్మియం లోపలికి పోకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో సూచించింది. మీ బరువు 50 కిలోలు అనుకుందాం. వారానికి మీ గరిష్ట పరిమితి 125 మైక్రోగ్రాములు.

యూరప్ దేశాలు 2006లో పెట్టిన నిబంధన ప్రకారం కిలో పశుమాంసంలో కాడ్మియం 0.05 మిల్లీగ్రాములు, కాలేయంలో 0.5, మూత్రపిండంలో 1 మిల్లీగ్రాము దాటకూడదు. మీరు 100 గ్రాముల కండ తిన్నారు. అందులో పరిమితి మేరకు కాడ్మియం ఉన్నా 5 మైక్రోగ్రాములే. ఫరవాలేదు. అదే 100 గ్రాముల మూత్రపిండమైతే 100 మైక్రోగ్రాములు. వారం మొత్తానికి సరిపడే కోటాలో ఐదింట నాలుగు వంతులు ఒక్క పూటలో అయిపోయింది.

మన దేశం సంగతి? ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది, నియమాలు 1955లో. ఆ నియమాల కింద చాలా ఏళ్లపాటు కాడ్మియానికి అన్ని ఆహారాలకూ కలిపి ఉన్న సాధారణ పరిమితి కిలోకు 1.5 మిల్లీగ్రాములు. 2006 చట్టం దాని స్థానంలోకి వచ్చాక, 2011 నిబంధనల్లో కూడా మొదట అదే అంకె కొనసాగింది. తర్వాతి సవరణల్లో ఆహార రకాల వారీగా విడివిడి అంకెలు చేరుతూ వచ్చాయి. ఆ పాత అంకెతో లెక్క కట్టండి. 100 గ్రాములకు 150 మైక్రోగ్రాములు. అంటే చట్టం ప్రకారం 'మంచి'దైన మాంసం ఒక్క పూట తింటే మీ వారపు పరిమితి దాటిపోతుంది. యూరప్ కండ పరిమితికి ఇది ముప్ఫై రెట్లు.

సీసం విషయంలో ఇంకా కఠినమైన మాట ఉంది. వారానికి ఇంతవరకు ఫరవాలేదు అని అంతకుముందు చెప్పిన అంకెను అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో ఉపసంహరించుకుంది. పిల్లల మెదడుకు హాని చేయని సీసం మోతాదు ఏదీ ఉందని చెప్పలేమన్నది దాని కారణం.

మనం ఏం చేయాలి?

ఇదంతా చదివి మాంసం మానేయమని చెప్పడం లేదు. రక్తహీనతతో బాధపడే ఆడపిల్లలకు కార్జం మంచిదని పెద్దలు చెప్పేది నిజమే. అందులో ఇనుము, విటమిన్లు పుష్కలం. లేత మేక కార్జం అప్పుడప్పుడు తినడం వేరు, ముసలి పశువు గుర్దాలు రోజూ తినడం వేరు. ఎంత, ఎంత తరచుగా, ఏ వయసు పశువుది అన్న మూడు ప్రశ్నలు గుర్తుంచుకుంటే చాలు.

అయితే అసలు పరిష్కారం వంటింట్లో లేదు. కొట్టు దగ్గర మీరెంత జాగ్రత్తగా చూసినా లోహం కనబడదని మొదటే చెప్పుకున్నాం. కబేళాలో పశువైద్యుడు పశువును చూసి, మాంసాన్ని పరీక్షించి ముద్ర వేస్తాడు. ఆ ముద్ర జబ్బులేదని చెబుతుంది, లోహం లేదని చెప్పదు. దానికి ప్రయోగశాల కావాలి. ఆ పరికరాలు, ఆ నేర్పు మన దేశంలో లేనివి కావు. మాంసం మీద పరిశోధన కోసమే 1999లో హైదరాబాద్ దగ్గర చెంగిచెర్లలో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. విదేశాలకు వెళ్లే మాంసంలో అవశేషాలను కొలిచి చూపాలని కొనే దేశాలు పట్టుబడతాయి, కనుక కొలుస్తాం. నవాగామ్‌లోనో, పటాన్‌చెరులోనో వీధి చివర కొట్టులో కొనే మనిషి కూడా అలా పట్టుబట్టాలి. అతని ప్రాణం విలువ తక్కువేమీ కాదు కదా!

మాంసం కంటే ముందు మేత, మేత కంటే ముందు నీరు. ఫ్యాక్టరీ గొట్టం దగ్గర లోహాన్ని ఆపడం సులువు. మట్టిలో కలిశాక తీయడం మహా కష్టం. మూత్రపిండంలో చేరాక తీయడం దాదాపు అసాధ్యం. ఒక్కో మెట్టు దాటేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, దారి మూసుకుపోతుంది.

పాదరసం వాడకాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందానికి 2013లో మినమాట పేరే పెట్టారు. భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది. ఒక ఊరి దుఃఖం ఒక ఒప్పందంగా మారడానికి యాభై ఏడేళ్లు పట్టింది. ఆ ఊళ్లో మొదట కబురు చెప్పింది పిల్లులు. ఆ కబురు చదవగలిగినవాళ్లు ఉన్నారు గాని, వారి మాట వినిపించుకున్నవాళ్లు ఆలస్యంగా వచ్చారు.

రేపు మీలో ఎవరో ఒకరు పరమాణు శోషణ యంత్రం ముందు కూర్చుని, మీ ఊరి చెరువు నీరో, గడ్డి మోపులోని పరకో, కొట్లో కొన్న కార్జం ముక్కో పరీక్షించవచ్చు. తెర మీద ఒక అంకె వస్తుంది. అది పెద్దదైతే దాచకండి. హోసోకావా పుస్తకంలోని నాలుగు వందలవ పిల్లి గుర్తుంది కదా!